చెప్పువానికిని చెల్లవలసిన మాట

భూమిని, నీటిని, అడవిని కాపాడుకొనుటకు మతబోధ యేమాత్ర ముపకరించునను ప్రశ్న యీ కాలమున పండితులను, కార్యకర్తలను సమానముగ నాకర్షించుచున్నది. ముఖ్యముగ ముస్లిము సమాజములలో గడచిన ముప్పదియేండ్లుగా ఈ విషయమై ప్రకటనలు వెలువడినవి, ఫత్వాలు జారీ యైనవి, ఉపదేశములు సాగినవి. వీనిని గొప్ప మేలుకొలుపుగా కొనియాడువారు కలరు. వట్టి మాటలని త్రోసివేయువారును కలరు. ఈ రెండు తీర్పులును తొందరపాటు తీర్పులని మా యభిప్రాయము. ఒక గ్రంథమును విమర్శించునట్లే యీ సందేశములను గూడ చదివి, ఎవరు పలికిరి, ఎవరితో పలికిరి, పలికిన పిమ్మట తామేమి చేసిరి యని విచారింపవలసి యున్నది. అట్లు విచారింపగా మాకు తోచిన సత్య మొక్కటి. ఏ మాట వినువానినే గాక పలుకువానిని సైతము కట్టివేయునో, ఆ మాటకే జనులను మార్చు శక్తి కలుగును. తక్కినదంతయు ప్రచారము మాత్రమే.

మొదట సాధనమును గూర్చి చెప్పుకొందము. శుక్రవారము మధ్యాహ్నము జుమా నమాజునకు ముందు ఇమాము మింబరుపై నిలిచి చేయు ఉపన్యాసమును ఖుత్బా యందురు. పత్రిక చదువనివాడును, చదువను వ్రాయను రానివాడును, ధనికుడును, కూలివాడును ఒకే వరుసలో కూర్చుండి దానిని విందురు. అచ్చుయంత్రమునకును, రేడియోకును, నేటి చరవాణికిని ఎన్నో శతాబ్దములకు ముందే వారమువారమును తప్పక నడచిన ప్రచారసాధన మిది. తక్కిన సాధనములు ఒక్క మాటను వేయిమందికి వినిపింపగలవు; మింబరు వేయిమందిని ఒకరి నొకరు చూచుకొనుచు వినునట్లు చేయును. విన్న మాటకు సాక్షులు ప్రక్కనే కూర్చుండి యుందురు. కావుననే సంస్కర్తలు దీనివైపు చూచుట సహజము.

ఆ మింబరునుండి పలుకదగిన మాటలకును కొదువ లేదు. మనుష్యుడు భూమికి యజమాని గాడు, ఖలీఫా, అనగా బాధ్యతతో నియమింపబడిన ప్రతినిధి యని ఇస్లాము బోధించును. చేతిలోనిది అమానతు, అనగా చెడగొట్టక తిరిగి యప్పగింపవలసిన సొత్తు. సృష్టియంతయు మీజాను, అనగా త్రాసువలె సమతూకముగ నుంచబడినది. అవసరమునకు మించి వాడుట ఇస్రాఫను దోషము; పాఱుచున్న యేటియొద్ద వుజూ చేయునపుడు సైతము నీటిని వృథా చేయరాదని ప్రవక్త బోధగా చెప్పుదురు. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించి యుండుటచే ఈ భావములు తెలుగు చదువరులకు బొత్తిగ క్రొత్తవి కావు.

వీనికంటె మాకు ముఖ్యముగ తోచినది హిమా యను వ్యవస్థ. పూర్వము అరేబియాలో బలవంతులైన నాయకులు మంచి పచ్చికబయళ్లను తమ మందలకు మాత్రమే ప్రత్యేకించుకొని, ఇతరులను దగ్గఱకు రానిచ్చెడివారు కారు. ప్రవక్త యా యాచారమును మార్చి, అట్టి రక్షిత భూములు ప్రజాహితమునకే కాని వ్యక్తుల స్వార్థమునకు గాదని నిర్ణయించెను. ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ నిర్ణయము మొట్టమొదట కట్టివేసినది గొఱ్ఱెలకాపరిని గాదు, నాయకుని. పైవాని హక్కును తగ్గించి క్రిందివాని హక్కును నిలిపిన సంస్కరణ మది. ఈనాటి సందేశములను తూచుటకు ఇంతకంటె మంచి తూనికరాయి మాకు కనబడుట లేదు.

నేటి కాలమున ఈ చర్చకు నాంది పలికినవారిలో ఇరాను దేశీయుడైన సయ్యద్ హుసేన్ నస్ర్ గారు ముఖ్యులు. 1966లో షికాగో విశ్వవిద్యాలయమున వారు చేసిన యుపన్యాసములు 1968లో గ్రంథరూపమున వెలువడినవి. ప్రకృతి వినాశమునకు మూలము మనుష్యుని ఆత్మిక సంక్షోభమే యని వారి వాదము. వాదము గంభీరమైనది; కాని అది విద్యావంతులతో విద్యావంతుడు చేసిన సంభాషణము. సముద్రముపై బ్రతుకువానికి, అడవిలో బ్రతుకువానికి అది చేరవలెనన్న మధ్య పెక్కు మెట్లు కావలెను.

ఆ మెట్లు కట్టుటకు జరిగిన ప్రయత్నములలో మిసాలి ద్వీపపు ప్రయత్నము తొలుత పేర్కొనదగినది. హిందూ మహాసముద్రమున జాంజిబారునకు చేరిన పెంబా దీవికి పశ్చిమమున నీ చిన్న ద్వీప మున్నది. దాని చుట్టును పవడపు దిబ్బలు, వానిని నమ్ముకొని బ్రతుకు జాలరులు. ఆ జాలరులలో నొక గాథ కలదు. హజరా యను ప్రవక్త యొకనాడు వారికి కనబడి నమాజునకై చాప నడిగెనట. వారియొద్ద లేకపోగా, మక్కావైపు తిరిగియున్న యీ ద్వీపమే నా చాప యనెనట. స్వాహిలీ భాషలో నమాజు చాపను మ్సాలా యందురు. దానినుండియే ద్వీపమునకు మిసాలి యను పేరు వచ్చినదని వారి నమ్మకము.

ఇట్టి పవిత్రస్థలము చుట్టును కొందఱు పేలుడుమందు వేసి చేపలను పట్టసాగిరి. పేలుడు ధాటికి చేపల కడుపులోని గాలితిత్తులు పగిలి చచ్చును. చచ్చినవానిలో కొన్ని తేలును, ఎన్నియో మునిగిపోవును. పెద్ద చేపతో పాటు పిల్లచేపయు నశించును. అన్నిటికంటె మించిన నష్టము పవడపు దిబ్బ పిండియై పోవుట. కదలాడు ఆ రాతిముక్కలపై క్రొత్త పవడము నిలువ ద్రొక్కుకొనలేదు. దిబ్బ లేనిచోట చేపకు తావు లేదు. ద్వీప ప్రాంతము 1998లో రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. కాని కడలిపై కాపలా కాయుట ప్రభుత్వమునకు సులభసాధ్యము గాదు. అప్పుడు కేర్ యను సేవాసంస్థయు, ఫజ్లున్ ఖాలిద్ గారు బర్మింగ్‌హాము నగరమున స్థాపించిన ఇస్లామీయ పర్యావరణ సంస్థయు కలిసి, ఆ దీవులలోని ఇమాములతోడను, ఉపాధ్యాయులతోడను, జాలరులతోడను సమావేశములు జరిపి, ఖలీఫా, అమానతు, మీజాను అను భావములను వలకును పడవకును అన్వయించి చెప్పించిరి. ఉపాధ్యాయులకై ఒక బోధనగ్రంథమును గూడ సిద్ధపఱచిరి.

ఈ ప్రయత్నము గుణమేమి? బోధకుడు పరాయివాడు గాడు. అతడును ఆ సముద్రపు చేపనే తినువాడు. దిబ్బ పాడైనచో అతని యింటను పొయ్యి చల్లబడును. కథ జాలరులదే, భాష వారిదే, భయమును భక్తియు వారివే. కావున వినువానిని కట్టివేసిన మాట పలుకువానిని గూడ కట్టివేసినది. మా తూనికరాయికి ఇది సరితూగును.

ఐనను ఒక లోపమును చెప్పక తప్పదు. పేలుడుమందు విసరువాడు అజ్ఞానముచేతనే విసరునని తలంచుట అన్నివేళల న్యాయము గాదు. ఆకలియు అప్పును అతని చేయి పట్టి విసరించుచున్నవేమో చూడవలెను. ఆ మందును తెచ్చి యమ్మువాడెవడు? అట్లు చచ్చిన చేపను తక్కువ వెలకు కొని లాభము గడించువాడెవడు? జాలరి దోష మెంత ధర్మవిరుద్ధమో, కొనువాని దోషమును అంతియే. మసీదులో జాలరి వెనుక వరుసలో కూర్చుండగా, వర్తకుడు ముందు వరుసలో కూర్చుండి యుండవచ్చును. ఖుత్బా వెనుక వరుసకు మాత్రమే వినబడినచో అది సగము ఖుత్బా.

ఇక పెద్ద ప్రకటనలను పరిశీలింతము. 2015 ఆగస్టు 17, 18 తేదీలలో ఇస్తాంబులు నగరమున పలు దేశముల ముస్లిము విద్వాంసులును కార్యకర్తలును సమావేశమై, వాతావరణపు మార్పును గూర్చి యొక ఇస్లామీయ ప్రకటనను వెలువరించిరి. ఆ యేటి డిసెంబరులో జరుగనున్న ప్యారిస్ మహాసభను దృష్టియందుంచుకొని వ్రాసినదది. రచనగా జూచినచో అది యొక ఖుత్బాకును ఒక ప్రభుత్వ నివేదికకును మధ్య ఊగులాడును. ఒక పుటలో ధర్మశాస్త్రము, మఱొక పుటలో శాస్త్రజ్ఞుల లెక్కలు. రెంటికిని గల అతుకు కొన్నిచోట్ల స్పష్టముగ కనబడుచునే యున్నది. సామాన్యుడైన భక్తుడు దీనిని తనకై వ్రాసిరని అనుకొనుట కష్టము. సభలకు, రాయబారులకు, పత్రికల వారికి వ్రాసిన భాష యది.

అయితే ఆ ప్రకటనలో నొక్క భాగమును మేము మనసార మెచ్చుకొందుము. ధనిక రాజ్యములను, వానితో పాటు చమురు ఉత్పత్తి చేయు రాజ్యములను పేర్కొని, ఈ శతాబ్దపు నడిమికైనను వాతావరణమును వేడిచేయు వాయువులను విడుచుట మానుటలో మీరే ముందుండవలె నని అది కోరినది. చమురు రాజ్యములలో పెక్కు ముస్లిము రాజ్యములే గదా! పాశ్చాత్యులనే దూషించి ఊరకుండిన యెడల చప్పట్లు సులభముగ లభించియుండును. అట్లు గాక తమ యింటివారికే వ్రేలు చూపుట హిమా సంప్రదాయమునకు తగిన పని. 2024 ఫిబ్రవరిలో నైరోబీ నగరమున ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభా సమయమున వెలువడిన అల్ మీజాన్ అను ఒడంబడిక ఈ భావములనే మఱింత విస్తరించినది. విస్తరించుట మంచిదే, కాని ప్రకటనల పుటలు పెరిగినకొలది వానిని మింబరునకు చేర్చువారు పెరుగవలెను గదా.

ఫత్వాల విషయమున ఇండోనేషియా దేశము మనకు మంచి పాఠము చెప్పును. ఆ దేశపు ఉలేమా మండలి 2014లో నాల్గవ ఫత్వాగా, అరుదైన జంతువులను అక్రమముగ వేటాడుటయు విక్రయించుటయు హరామని ప్రకటించినది. సుమత్రా పులి, ఏనుగు, ఖడ్గమృగము, ఒరంగుటాను అను వనమానుషము వంటి ప్రాణుల రక్షణము దాని యుద్దేశము. ఆ మఱుసటి సంవత్సరమే దేశము పొగలో మునిగినది. బురదనేలలలోని నీటిని కాలువల ద్వారా తోడివేసి, ఎండిన నేలను తోటలకై చదునుచేయుటకు నిప్పుపెట్టు అలవాటు అచట కలదు. ఆ నేల మొద్దులవలె లోలోపల నెలలతరబడి కాలుచుండును. 2015లో అనావృష్టి తోడై సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయినవనియు, నష్టము 16 వందల కోట్ల డాలర్లకు పైబడినదనియు ప్రపంచ బ్యాంకు లెక్కగట్టినది. పొగ పొరుగున నున్న సింగపూరు, మలేషియాలను గూడ కప్పివేసినది.

దానిపై 2016లో ఉలేమా మండలి ముప్పదవ ఫత్వాను జారీ చేసినది. నష్టమును, కాలుష్యమును కలిగించునట్లు అడవిని, నేలను తగులబెట్టుట హరామని అందలి మొదటి వాక్యము. ఇంతమాత్రమైనచో దానిని గూర్చి మేము వ్రాయవలసిన పని లేదు. రెండవ వాక్యమే దాని ప్రాణము. అట్టి దహనమునకు తోడ్పడుటయు, చూచియు ఊరకుండుటయు, దానివలన లాభము పొందుటయు హరామే యని అది చెప్పుచున్నది. ఒక్క వాక్యముతో అగ్గిపుల్ల గీసిన కూలివాని సరసన తోట యజమానియు, కన్నుమూసికొన్న అధికారియు నిలువబెట్టబడిరి. ఫత్వాకు అచట చట్టబలము లేదు. మనస్సాక్షిపైననే దాని అధికారము. అట్టి దానికి ఇంతకంటె నిక్కచ్చియైన వాక్యము దొరకుట యరుదు. ఆ రెండవ వాక్యమును మొదటిదానికంటె బిగ్గఱగ చదువవలెనని మేము కోరుదుము. ఏలయన, మొదటి వాక్యమును పల్లెలో చదువుట సులభము; రెండవ దానిని రాజధానిలో చదువుటకు ధైర్యము కావలెను.

ఇచట నొక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. పర్యావరణ సంస్థలు తమ పనికై మతమును బాకాగా వాడుకొనుట న్యాయమా యని కొందఱడుగుదురు. అది సరియైన ప్రశ్న. పులిని కాపాడుటకు ఇమాము కావలెను గాని, ఇమాము చెప్పు తక్కిన మాటలు అక్కఱలేదను వైఖరి కొందఱిలో కానవచ్చును. విశ్వాసమును ఒక సాధనముగా మాత్రమే చూచువారిని విశ్వాసులు శీఘ్రముగనే గుర్తింతురు. సమాజమును గూర్చి పలుకక, జంతువును గూర్చి మాత్రమే పలుకుమని బోధకుని కోరుట అతనిని సగము నోటితో మాటలాడుమనుటయే.

ఆ సగము నోటిని పూర్తి చేసినవారు స్త్రీలని చెప్పుటకు మేము సంతోషించుచున్నాము. 2017 ఏప్రిల్ మాసమున పశ్చిమ జావాలోని చిరెబోను జిల్లాలో ఇండోనేషియా మహిళా ఉలేమాల మహాసభ తొలిసారి జరిగినది. న్యాయీ మస్రియా అమ్వా అను విదుషీమణి నడుపుచున్న మతపాఠశాల దానికి వేదిక. ఆ సభ మూడు విషయములపై తీర్పు వెలువరించినది: స్త్రీలపై జరుగు అత్యాచారములు, బాల్యవివాహములు, ప్రకృతి వినాశము. ఈ మూడింటిని ఒకే సభలో ఏల చేర్చిరని ఆశ్చర్యపడువారు, నూతిలో నీరు ఇంకినచో దూరమునుండి బిందె మోయున దెవరో, పొగలో దగ్గుచున్న బిడ్డను రాత్రియంతయు మేల్కొని యెత్తుకొనున దెవరో, పంట పోయిన యింట ముందుగా చదువు మాన్పించి పెండ్లి చేయబడున దెవరో ఒక్కమాఱు తలంచుకొనవలెను. నేలకు కలిగిన గాయము ఇంటిలోనికి వచ్చునప్పటికి స్త్రీ గాయముగ మారును. ఆ సభలోని విదుషీమణులు ధర్మగ్రంథములతో పాటు స్త్రీల యనుభవమును గూడ ప్రమాణముగ గైకొనిరి. ఇది పద్ధతిలోనే గొప్ప మార్పు. మింబరుపై పురుషుడే నిలిచినను, ఏ మాట పలుకవలెనో నిర్ణయించుటలో స్త్రీకిని భాగము కలిగినది.

2019లో ఇండోనేషియా ప్రభుత్వము బాలికల వివాహ వయస్సును 16నుండి 19 సంవత్సరములకు పెంచినది. న్యాయస్థానము తీర్పును, పెక్కు సంఘముల పరిశ్రమయు అందులకు కారణములు. మహిళా ఉలేమాల వాక్కును వానిలో నొకటి. 1874లో వివేకవర్ధనిని స్థాపించి సంఘ దురాచారములపై పోరాడిన వీరేశలింగము పంతులుగారిని స్మరించు మనకు, శాస్త్రమును శాస్త్రముతోనే సంస్కరించు ఈ మార్గము పరిచితమైనదే. 2022లో జరిగిన రెండవ మహాసభలో ఈ విదుషీమణులు చెత్తాచెదారముల సమస్యను గూడ చర్చకు దెచ్చిరి. ఇంటి చెత్తకుండి ధర్మవిచారమున కెక్కుట చిన్న విషయము గాదు.

ఇంతవరకు చెప్పినదంతయు మెచ్చుకోలువైపు మొగ్గియుండవచ్చును. ఇప్పుడు తూనికరాయిని రెండవ పళ్లెమున నుంచవలసిన ఘట్టము వచ్చినది.

ఇండోనేషియాలో 1912లో స్థాపింపబడిన ముహమ్మదియాయును, 1926లో స్థాపింపబడిన నహ్దతుల్ ఉలేమాయును కోట్లకొలది యనుయాయులు గల మహాసంస్థలు. విద్యాలయములు, వైద్యాలయములు, సేవాసంఘములు నడుపుచు ఆ దేశమునకు వారు చేసిన మేలు అపారము. రెండు సంస్థలును పర్యావరణ కార్యమునకై ప్రత్యేక విభాగములు నెలకొల్పినవే. ఐతే 2024 మే నెలలో ప్రభుత్వము 25వ సంఖ్యగల శాసనము ద్వారా, మునుపు కంపెనీల చేతిలో నుండిన బొగ్గుగనుల ప్రదేశములను మతసంస్థల వ్యాపార విభాగములకు ఇచ్చుటకు దారి తెఱచినది. నహ్దతుల్ ఉలేమా నాయకత్వము దానిని వెంటనే స్వాగతించినది. ముహమ్మదియా జూలై మాసాంతమున అంగీకారము తెలిపినది. అదే సమయమున అచటి కాథలిక్కు బిషప్పుల సంఘమును, బతక్ ప్రొటెస్టెంటు క్రైస్తవసంఘమును తమకు గనులు వలదనినవి. ముస్లిము సంస్థల లోపలనే పలువురు సభ్యులు, ముఖ్యముగ యువకులు, ఈ యంగీకారమును గట్టిగ నిరసించిరి. 2025లో గనుల చట్టమునందే ఈ యేర్పాటు చేర్చబడినది.

నాయకుల వాదమును గూడ న్యాయముగ వినవలెను. గనులు ఎటులైనను త్రవ్వబడును. ధనికుల కంపెనీలకు పోవు లాభము పాఠశాలలకు, వైద్యశాలలకు వచ్చినచో తప్పేమి? మేమైనచో జాగ్రత్తగ త్రవ్వుదుము, త్రవ్విన నేలను మరల బాగుచేయుదుము, అని వారందురు. పేద పిల్లవాని చదువునకు ధనము కావలె ననుటలో అసత్యము లేదు. కాని పేలుడుమందు విసరిన జాలరియు సరిగ్గ ఈ మాటనే చెప్పియుండును: నేను విసరకున్న వేఱొకడు విసరును, నా బిడ్డలకు కూడు కావలెను. ఆ మాటను జాలరి నోట అధర్మ మనినవారు, సంస్థ నోట దానినే ధర్మ మనగలరా? దహనమువలన లాభము పొందుట హరామని 2016లో పలికిన వాక్యము, బొగ్గును కాల్చుట వలన లాభము పొందునప్పుడు మౌనము వహించునా? అడవిలోని అగ్ని కంటికి కనబడును, బొగ్గు అగ్ని దూరపు యంత్రశాలలో కనబడక మండును, అంతియే భేదము.

ఇందువలన కలుగు నష్టము గనికి మాత్రమే పరిమితము గాదు. మిసాలిలో జాలరి విన్నాడన్నచో, బోధకుడు తనతో సమానముగ ఆ నియమమునకు లోబడెనని నమ్మి విన్నాడు. ఆ నమ్మకమే మింబరు మూలధనము. వందల సంవత్సరములు కూడబెట్టిన ఆ మూలధనమును ఒక్క గనికై వెచ్చించుట లాభసాటి వ్యాపారము గాదని ఆర్థికశాస్త్రము తెలియనివాడును చెప్పగలడు. ఇకపై పల్లెలోని ఇమాము అడవిని గూర్చి ఖుత్బా చెప్పినపుడు, వెనుక వరుసలోనివాడు గనిని గూర్చి అడిగినచో ఆ ఇమాము నేమని ప్రత్యుత్తర మిమ్మందురు?

చేతతో పలికిన ఖుత్బా ఎట్లుండునో చూపుటకు ఆ దేశముననే మంచి యుదాహరణము కలదు. జకార్తా నగరమునందలి ఇస్తిక్లాల్ మసీదును బాగుచేసినపుడు పైకప్పున అయిదువందలకు మించిన సూర్యకాంతి ఫలకములను అమర్చిరి. వుజూ చేయుచోట నీరు సన్నగ జాఱు కుళాయిలను పెట్టి, వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడు ఏర్పాటు చేసిరి. 2022లో దానికి అంతర్జాతీయమైన హరితభవన గుర్తింపు లభించినది. అచట కాళ్లు కడుగుకొనువాడు ఇస్రాఫును గూర్చిన బోధను చెవితో గాక చేతితో వినుచున్నాడు. ఆ కుళాయి ఇమామునకును ఒకటే, కూలివానికిని ఒకటే.

ఇది ఒక్క మతమునకు సంబంధించిన తీర్పని మా చదువరులు భావింపకుందురు గాక. దేవాలయమునకును, చర్చికిని, సంస్కరణ సంఘములకును, మా వంటి పత్రికలకును ఈ తూనికరాయి ఒక్కటే. ఎవరైనను మనల నొక త్యాగమున కాహ్వానించినపుడు, ఆ త్యాగమున వారి భాగమెంతయో అడుగుట అవినయము గాదు. అట్లడుగుట నేర్చిన గృహములే మంచి బోధను నిలుపగలవు, చెడ్డదానిని వడపోయగలవు.

ఆ మహాసంస్థలకు ఇంకను అవకాశము మించిపోలేదు. గనులను వదలుకొనుట ఉత్తమము. వదలుకొనలేని పక్షమున, ప్రతి సంవత్సరము ఎంత బొగ్గు త్రవ్విరో, ఎంత అడవిని కొట్టిరో, ఎన్ని కుటుంబములను కదలించిరో, ఎంత లాభము వచ్చినదో, త్రవ్విన గోతులలో ఎన్నిటిని పూడ్చిరో ఆ లెక్కలను ఒక శుక్రవారము తమ మింబరులనుండియే చదివి వినిపించుదురు గాక. వెనుక వరుసలోని జాలరియు, కూలివాడును, తెరవెనుకనున్న స్త్రీలును ఆ లెక్కలను విని తీర్పు చెప్పుకొందురు.